తాతయ్య అంబాసిడర్‌కు మెషిన్ పాలిష్ పెట్టే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. బానెట్ మీద, డిక్కీ మీద, డ్రైవర్ వైపు డోర్ల మీద గీతలు బాగానే పడ్డాయి. సంక్రాంతికి ఆ బండిలోనే ఊరికి రావాలని ఉందన్నావు. చాలా సంతోషం. మెషిన్ కూడా కొనేశావు కాబట్టి ఈ ఆదివారమే మొదలుపెడతానంటున్నావు. ఒక్క వారం ఆగు తల్లీ. ఇది చదివాక మొదలుపెట్టు.

పాలిష్ పెడితే గీత పోతుందని అందరూ అంటారు. గీత ఎక్కడికీ పోదు. రంగులో పడ్డ పల్లం అది. ఆ పల్లం అడుగు దాకా చుట్టూ ఉన్న రంగును అరగదీసి చదును చేస్తాం, అంతే. అంటే పాలిష్ పెట్టిన ప్రతిసారీ రంగు కొంత తరుగుతుంది, తరిగింది మళ్లీ రాదు. ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అని ఇంకో పొర ఉంటుంది, మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పల్చన. మీ తాతయ్య బండికి అది కూడా లేదు. 1984 నాటి మార్క్ 4 కదా, అప్పటి అంబాసిడర్లకు సాధారణంగా రంగే పై పొర. నువ్వు అరగదీసేది నేరుగా ఆ క్రీమ్ రంగునే. అది కూడా ఇన్నేళ్లలో ఎంతమంది చేతుల్లోనో రబ్బింగ్ అయిన రంగు. ఎంత మిగిలిందో చూసుకోకుండా మెషిన్ ఆన్ చేయొద్దు.

చూసుకోవడం కష్టం కాదు. తెల్ల గుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి, డిక్కీ అంచున కనబడని చోట చేత్తో రుద్దు. గుడ్డకు క్రీమ్ రంగు అంటితే పైన క్లియర్ లేనట్టు. అంటకపోతే మధ్యలో ఎవరో కొత్త పద్ధతిలో మళ్లీ పెయింట్ చేయించినట్టు. ఒకే బండిలో ఒక డోరు అలా, ఒక డోరు ఇలా ఉండొచ్చు కాబట్టి ప్రతి భాగం దగ్గరా చూడు. డోరు లోపలి అంచున థిన్నర్ తడిపిన దూది ఒక్కసారి అద్ది చూడు. రంగు కరిగి జిగురుగా వస్తే అది పాత డూకో, అంటే లక్కర్ రకం రంగు. డూకో మెత్తన, వేడికి ఇంకా మెత్తబడుతుంది. థిన్నర్‌కు కరగకపోతే ఎనామిల్ లాంటి గట్టి రకం.

పెయింట్ మందం కొలిచే గేజ్ ఆటోనగర్‌లో పెద్ద పెయింటింగ్ షెడ్లలో దొరుకుతుంది, ఒక పూటకు అడిగి తెచ్చుకో. అంబాసిడర్ బాడీ అంతా ఉక్కు రేకే కాబట్టి గేజ్ బాగా పనిచేస్తుంది. చుట్టూ ఒక లెక్క చూపించి ఒకచోట ఉన్నట్టుండి చాలా ఎక్కువ చూపిస్తే అక్కడ లోపల లప్పం ఉంది. ఎక్కువ చూపించింది కదా, రంగు మందంగా ఉందనుకునేవు. లప్పం మందంగా ఉంటుంది, దాని మీది రంగు పల్చగానే ఉండొచ్చు. గేజ్ దొరక్కపోతే చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద మెల్లగా జరుపు. పట్టు సడలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకో. ఎడమ ముందు డోరుకు కింది భాగంలో టింకరింగ్ అయింది, నాకు తెలుసు.

ఇక ఏ గీత తీయొచ్చు, ఏది వదిలేయాలి. గోరు అడ్డంగా జరుపు. ఆగకుండా జారిపోతే పాలిష్‌తో పోయే అవకాశం బాగా ఉంది. గోరు తట్టుకుంటే అది లోతు గీత. దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబడితే చుట్టూ రంగంతా పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో చెట్టుకొమ్మ డిక్కీ మీద గీసుకుంటూ పడింది చూడు, ఆ గీత అలాంటిది. రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ పొర కనబడుతోంది. దాని జోలికి మెషిన్ తేవద్దు. సన్న కుంచెతో రంగు నింపి, బాగా ఆరాక, 2000 నంబరు వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) సబ్బునీళ్లలో నానబెట్టి ఆ గీత వరకే తేలిగ్గా సమం చేస్తే చాలు. ఈ పని వ్యాక్స్, సిలికాన్ ఉన్న పాలిష్ ఏదీ పెట్టకముందే అయిపోవాలి. సిలికాన్ తగిలిన రేకు మీద కొత్త రంగు నిలవక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

నీ ఫొటోల్లో మిగతావన్నీ పైపై గీతలే. రాత్రి ఫోన్ టార్చ్ పట్టి చూస్తే వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా కనబడేవి. అవి ఎవరో కావాలని గీసినవి కావు. మన విశాఖలో బీచ్ గాలికి వచ్చి పడే ఇసుక, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము, వాటి మీద రోజూ పొద్దున్నే వాచ్‌మన్ చేసే పొడిగుడ్డ తుడుపు. ముందు ఆ తుడుపు మాన్పించు. లేకపోతే నువ్వు ఎంత పాలిష్ చేసినా రెండు నెలల్లో మళ్లీ అవే గీతలు.

పాలిష్‌కు ముందు కడగడం మీద బద్ధకించకు. మొదట గొట్టంతో నీళ్లు ధారగా పోసి ఇసుకంతా జారిపోనివ్వు. తర్వాత రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడు. వట్టి చేతికి నున్నగా అనిపించిన రేకు కవర్ లోంచి గరగరలాడుతుంది. రంగులో గుచ్చుకున్న ఇనుప రజను అది. మన గాజువాక, మల్కాపురం వైపు తిరిగే బళ్లకు ఇది ఎక్కువ. లేతరంగు మీద తుప్పు చుక్కలుగా కూడా కనబడుతుంది. క్లే బార్ అనే మెత్తటి బంకముద్దను సబ్బునీళ్లతో బాగా తడిపి, నొక్కకుండా జారిస్తే ఎత్తేస్తుంది. క్లే కింద పడిందా, పారేయ్. కడిగి వాడదామనుకోకు, ఒక్క ఇసుకరేణువు చాలు. ఈ రజను తీయకుండా మెషిన్ పెడితే అదే ప్యాడ్‌లో చేరి కొత్త గీతలు గీస్తుంది.

నువ్వు కొన్నది డ్యూయల్ యాక్షన్ మెషిన్ అన్నావు, చాలా మంచి పని చేశావు. షెడ్లలో వాడే రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పని త్వరగా అవుతుంది, కానీ ఒకచోట కాసేపు నిలిపితే రంగు కాలిపోతుంది. చేతివాటం లేనివాళ్లు చేస్తే ఎండలో బండి మీద మెలికల నీడలు కదులుతూ కనబడతాయి. నీ మెషిన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కూడా. ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోయి ఊగడమే మిగులుతుంది, అందుకే ప్రమాదం తక్కువ. ప్యాడ్ వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకో. ఆ గీత తిరుగుతూ కనబడితే ప్యాడ్ పని చేస్తున్నట్టు. తిరగకుండా ఒకేచోట వణుకుతుంటే చెయ్యి బరువు తగ్గించు.

బండి మొత్తానికి ఒకేసారి దిగకు. బానెట్ మధ్యలో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు చోటు టేపుతో కట్టుకో. మెత్తని ఫోమ్ ప్యాడ్, తక్కువగా అరగదీసే ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టు. శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. ముందు నెమ్మది స్పీడులో పరిచి, తర్వాత నాలుగు, అయిదు మీద పెట్టి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పేలా నడుపు. చెయ్యి నెమ్మదిగా, ఒకచోట ఆగకుండా నడవాలి. రెండు మూడు చుట్లు అయ్యాక తుడిచి, సగం నీళ్లు, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో ఇంకోసారి తుడువు. పాలిష్‌లో నూనె గీతల్లో నిండి లేని నునుపు చూపిస్తుంది, అది పోతేనే అసలు సంగతి తెలుస్తుంది. టార్చ్ పట్టి చూడు. చాలినంత పోయిందనిపిస్తే బండంతటికీ అదే మందు. పోలేదంటేనే కాస్త గట్టి ప్యాడ్, ఆ తర్వాతే ఎక్కువ అరగదీసే కాంపౌండ్. నూటికి నూరు పాళ్లూ పోవాలనుకోకు. 80 పాళ్లు పోతే ఆగు. మిగతా 20 కోసం ఖర్చయ్యే రంగు నీ పిల్లల కాలానికి కావాలి.

ప్యాడ్‌కు క్రీమ్ రంగు అంటుతుంది, కంగారు పడకు. చచ్చిన పై రంగు ముందుగా వచ్చేస్తుంది. కానీ ప్యాడ్ తొందరగా మూసుకుపోతుంది, మూరెడు చోటు అయిన ప్రతిసారీ బ్రష్‌తో దులుపు, నాలుగైదింటికి ప్యాడ్ మార్చు. రంగు సుద్దలా వెలిసిపోయిన చోట, పైకప్పు మీద ముఖ్యంగా, ముందురోజు రాత్రి రాపిడి లేని నూనె గ్లేజ్ చేత్తో మందంగా పట్టించి పొద్దున తుడిచెయ్. ఎండిన రంగు కొంత తేరుకుంటుంది, తర్వాత తక్కువ కోతతో పని అవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త అంచుల దగ్గర. అంబాసిడర్ అంతా వంపులు. హెడ్‌లైట్ చుట్టూ, మడ్‌గార్డు మడత మీద, బానెట్ నడిమి గట్టు మీద రంగు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. వాటి మీద టేపు వెయ్యి, రబ్బరు బీడింగ్‌కూ వెయ్యి. టేపు తీశాక ఆ సన్న పట్టీని చేత్తోనే రుద్దుకో. రంగు ఒకచోట మిగతాదానికంటే వేరే ఛాయగా, లోపలిది తొంగిచూస్తున్నట్టు అనిపిస్తే అక్కడితో వదిలేయ్. మధ్యమధ్యలో అరచెయ్యి వెనక వైపు రేకుకు ఆనించి చూడు. గోరువెచ్చన పర్వాలేదు, చెయ్యి నిలవకపోతే ఆపెయ్.

పని పొద్దున్నే నీడలో పెట్టుకో. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యాక బయట చేయొద్దు, ఇసుక, ఉప్పు రెండూ వస్తాయి. జడ ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు, వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో. ముక్కుకు మాస్క్ తప్పనిసరి, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

చివర్లో ఏదో ఒక మంచి వ్యాక్స్ పెట్టు, మన ఉప్పుగాలికి రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టాలి. దుమ్ము మీద కవర్ కప్పకు.

గేజ్ దొరికితే కొలతలు భాగాల వారీగా ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు. ఎడమ డోరు ముట్టుకోకుండా ఉంచు, వచ్చే ఆదివారం నా చిన్న ప్యాడ్లు తీసుకుని వస్తాను, అది ఇద్దరం కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న