ఇంకొక్క స్తంభం దాకా

అనంతపురం,
సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం

అమ్మణ్ణీ,

మీ అత్త ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. మామూలుగా నా తమ్ముడు ఫోను చేస్తే ముందు బీపీ మాత్రల సంగతి, తర్వాత వేరుసెనగ ధర, ఆ పైనే అసలు విషయం. నిన్న మాత్రం ఫోను ఎత్తగానే మొదలుపెట్టాడు. "అక్కా, నీ మేనకోడలికి ముప్పై మూడేళ్లకు పరుగు పిచ్చి పట్టింది. తెల్లవారకముందే చీకట్లో వెళ్తోంది. నువ్వు చెబితే వింటుంది, మానమని చెప్పు." సరే చెబుతానులే అన్నాను. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా మెడలో ఈల వేసుకొని ఊరి పిల్లలందరినీ పరిగెత్తించాను, మన ఇంట్లో మాత్రం ఒక్కరినీ కదిలించలేకపోయాను. నీకు పదేళ్లప్పుడు స్టేడియానికి తీసుకువెళ్తే ఐస్ కోసం ఏడ్చి సగం చుట్టులోనే కూర్చున్నావు. ఆ పిల్ల ఇప్పుడు తానే అలారం పెట్టుకొని లేస్తోందంటే, మంచం మీద లేచి కూర్చొని నవ్వుకున్నాను. నవ్వు ఆగాక భయం మొదలైంది. అందుకే ఈ ఉత్తరం. మానమని చెప్పడానికి కాదులే.

నలుగురు కలిశారట. నువ్వు, మీ బ్యాంకులో అమ్మాయి, పక్కింటి ఆవిడ, మీకు జాకెట్లు కుట్టే ఆమె. ఉగాది నాటికి ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తాలని పందెమట. మంచిదే.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు చాలు. మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఒక అరగంట. వారం వారం పరుగు కొద్దిగా పెంచి, నడక కొద్దిగా తగ్గించండి. పరిగెత్తుతూ పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట ముక్కలుగా వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. సిమెంటు రోడ్డు కంటే మట్టి నేల మేలు. స్టేడియంలో మట్టి మీద పరిగెత్తేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు తిరగకండి, రోజు మార్చి రోజు దిక్కు మార్చండి.

ఒక్క విషయం కొంచెం నిదానంగా విను. ఊపిరి నెల తిరిగేసరికి దారికి వస్తుంది. ఎముకలకు, కండరాన్ని ఎముకతో కట్టే పట్టీలకు అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. అందుకే నాలుగో వారంలో ఒక రోజు నీకు ఎంత దూరమైనా వెళ్లగలనని అనిపిస్తుంది. ఆ రోజే జాగ్రత్త. మోకాలి కింద ముందు ఎముక పొడుగునా సలుపు ఉంటే నాలుగు రోజులు పరుగు ఆపి నడువు. వేలితో నొక్కితే ఒక్కచోటే ప్రాణం పోయేంత నొప్పి ఉందంటే మాత్రం నూనె మర్దనలతో కాలం గడపకుండా ఎముకల డాక్టరుకు చూపించు.

షూ సాయంత్రం పూట కొను. పొద్దంతా తిరిగిన కాలు కొద్దిగా ఉబ్బి ఉంటుంది, అప్పుడు సరిపోయిన షూనే పరుగులోనూ సరిపోతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లోపల వేసుకునేది కూడా పరుగు కోసం కుట్టినదే తీసుకో. సిగ్గుపడే సంగతి కాదు, మా కాలంలో ఎవరూ చెప్పక మేము రెండేసి వేసుకొని, పైన ఓణీ బిగించి కట్టి నానా అవస్థలు పడ్డాం. జాకెట్లు కుట్టే ఆమె రబ్బరు చెప్పులతోనే వస్తోందని మీ నాన్న చెప్పాడు. ఆమె షూకు డబ్బు నేను పంపుతాను. ఏదైనా సాకు చెప్పి ఇవ్వు, నా పేరు ఎత్తకు.

ఓణీ అంటే గుర్తొచ్చింది. నేను పరుగు నేర్చింది తుంగభద్ర ఇసుకలో. వేసవిలో నీళ్లు ఒక పక్కకు తగ్గిపోయి, ఎటు చూసినా ఇసుకే. పొద్దు పొడవకముందే లంగా ఎత్తి దోపుకొని పరిగెత్తేదాన్ని. మా నాన్న చేతిగడియారం దొంగతనంగా తెచ్చి టైము చూసేవాడెవరో తెలుసా? మీ నాన్నే. వాడు ప్రతిసారీ ఒక పదో పదిహేనో సెకన్లు తగ్గించి చెప్పేవాడని నాకు తెలుసు. తెలిసినా అడగలేదు. ఆ అబద్ధపు సెకన్ల కోసం మరుసటి రోజు లేచేదాన్ని. చీకట్లో ఆడపిల్ల పరుగేమిటని ఈ రోజు అంటున్నది ఆ మనిషే.

ఇప్పుడు మీ జరిమానా సంగతి. వచ్చినవాళ్లంతా పొద్దున్నే ఫోనులో రాసుకోవాలట, ఎగ్గొట్టినవాళ్లు మిగతా ముగ్గురికీ ఉగ్గాని బజ్జీ తినిపించాలట. వినగానే నాకు ఒళ్లు మండింది. జ్వరం తగిలిన మనిషి, రాత్రంతా పిల్ల ఏడ్చి నిద్రలేని మనిషి, ఆ బజ్జీ డబ్బు బరువైన మనిషి, అందరి ముందు పలచన కాకూడదని వచ్చి పరిగెత్తుతుంది. మీకు అది సరదా. మీ నలుగురిలో ఒకామెకు సరదా కాకపోవచ్చని ఆలోచించావా? చదువుకున్నావు, బ్యాంకులో లెక్కలు చూస్తావు, ఈ లెక్క తెలియలేదా? కోపంగా రాశాను, ఏమీ అనుకోకు. నా కోపం నీ మీద కాదు. అది చాలా పాతది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ మామకు కూడా.

1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు మారథాన్ పెట్టారు. అదే ఒలింపిక్స్‌లో మన పి.టి.ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. ఆ మారథాన్‌లో గాబ్రియేలా ఆండర్సన్ షీస్ అనే స్విట్జర్లాండ్ ఆమె ఎండదెబ్బకు ఒళ్లు వంకరపోయి, తూలుతూ స్టేడియంలోకి వచ్చింది. ఎవరైనా ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారని డాక్టర్లను దగ్గరకు రానివ్వలేదు. చివరి చుట్టుకు 5 నిమిషాలకు పైగా పట్టింది. జనమంతా లేచి చప్పట్లు. ఆమె బొమ్మ పేపర్లో పడితే కత్తిరించి దాచుకున్నాను. ఉద్యోగం వచ్చాక బడి గోడకు అంటించాను. పక్కనే ఉష బొమ్మ. పిల్లలకు రోజూ అదే పాఠం: పడిపోయినా ఆగకూడదు, సెకనులో నూరో వంతు కోసం ప్రాణం పెట్టాలి.

1988 మార్చి. నాకు 27 ఏళ్లు. కర్నూలు జిల్లాలోనే ఒక పల్లె బడి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, పేరు రాయను. సన్నగా, పొడుగ్గా, జొన్నదంటులా ఉండేది. జిల్లా పోటీలకు దాన్ని ముందునుంచే తయారుచేయాలని నాకు పట్టుదల. సాయంత్రం ఇంటికి వెళ్తే పశువుల పని ఉంటుంది కాబట్టి మూడున్నరకే రోడ్డు మీద పరిగెత్తించేదాన్ని. నేను సైకిలు మీద పక్కనే. నలుగురైదుగురు పిల్లలు వెనకాల చప్పట్లు కొడుతూ కొంత దూరం వచ్చేవాళ్లు.

ఆ రోజు అది మొదటి నుంచే బరువుగా పరిగెత్తింది. నేను గమనించాను. గమనించే, "ఇంకొక్క స్తంభం దాకా" అన్నాను. రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు ఉండేవి. ఒక స్తంభం దాటగానే ఇంకొకటి చూపించేదాన్ని. బాగా పనిచేసే చిట్కా అది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. అదే దాని ప్రమాదం. అలా ఎన్ని స్తంభాలు దాటించానో తెలియదు. ఒకచోట ఆ పిల్ల నా వైపు తిరిగి, "టీచర్, మా ఎనుము నీళ్లు తాగిందా?" అని అడిగింది. నేను నవ్వాను. అలసటలో కూడా హాస్యమాడుతోందని మురిసిపోయి, "తాగిందిలే, పరిగెత్తు" అన్నాను. ఇరవై అడుగులు వేసిందేమో. కాళ్లు ఒకదానికొకటి తగులుకొని ముందుకు పడిపోయింది.

ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట మాత్రం కారుతూనే ఉంది. నాకు చేతులు ఆడలేదు. దాన్ని సైకిలు మీద వేసుకొని మందులిచ్చే ఆయన దగ్గరకు తీసుకువెళ్లాలని లాగుతున్నాను. ఒక పిల్ల ఉల్లిపాయ కోసం పరిగెత్తింది. పక్క చేనులో పనిచేసుకుంటున్న ఒక ముసలామె వచ్చి చూసింది. నా చెయ్యి విదిలించి కొట్టింది. "ముందు చల్లార్చు తల్లీ, తర్వాత మోసుకుపో" అని, ఆ పిల్లను బోరు దగ్గరి తొట్టిలో బట్టలతోనే మెడ దాకా దించింది. పశువులు తాగే తొట్టి. తల పట్టుకొని కూర్చొని, ఇంకొకరి చేత మోటారు వేయించి నీళ్లు మారుస్తూనే ఉంది. స్పృహ లేని నోట్లో నేను నీళ్లు పోయబోతే మళ్లీ తిట్టింది. ఎంతసేపు అయిందో, ఆ పిల్ల కళ్లు తెరిచి అమ్మను అడిగింది. ఆ తర్వాతే ఎద్దులబండి, బస్సు, ఆసుపత్రి. చాలా ఏళ్లకు ఒక శిక్షణ తరగతిలో డాక్టరు చెప్పాడు: పరుగులో వడదెబ్బ తగిలితే ముందు నీళ్లలో ముంచి చల్లబరచండి, ఆ తర్వాతే తరలించండి అని. నేను రాసుకోలేదు. అప్పటికే తెలుసు.

పిల్ల బతికింది. మళ్లీ పరిగెత్తలేదు. వారం తర్వాత వాళ్ల నాన్న ఒక సంచి వేరుసెనక్కాయలు తెచ్చి, నా కాళ్లకు దండం పెట్టబోయాడు, బిడ్డను కాపాడినందుకు. నేను తీసుకున్నాను, అమ్మణ్ణీ. ఆ స్తంభాల సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రమే గోడ మీది బొమ్మ తీసేశాను. తీస్తూ చూస్తే, పరిగెత్తే ఆమె పక్కనే తెల్ల బట్టల్లో డాక్టర్లు కనిపించారు. ముట్టుకోకుండా, ఆమె మీది నుంచి చూపు తిప్పకుండా నడుస్తున్నారు. నాలుగేళ్లు రోజూ చూసిన బొమ్మలో వాళ్లు నాకు ఒక్కసారీ కనబడలేదు.

కుక్కలు, చీకటి, తాగుబోతులు, వీటి గురించి మీ నాన్న చాలా చెప్పాడు. అవీ ఉన్నాయి, నలుగురూ విడిపోకండి. నాకు మాత్రం మీ చప్పట్లంటేనే భయం. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు తోచినప్పుడు ఆగిపోతారు. పక్కన "శభాష్" అనేవాళ్లుంటే ఆగలేరు.

అందుకని జరిమానా ఎత్తేయండి. "ఈ రోజు నా వల్ల కాదు" అని మొదట చెప్పిన మనిషికి మిగతావాళ్లే ఉగ్గాని పెట్టించండి. అందరికంటే వెనకబడే ఆమెను ముందు నడిపించండి, మిగతా ముగ్గురూ ఆమె వేగానికే వెళ్లండి. ఊరికే బాగుంది బాగుంది అనకుండా ప్రశ్నలు అడగండి: ఈ రోజు ఏం వండావు, పిల్లకు పరీక్షలెప్పుడు, అని. జవాబు పొసగకుండా వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, లేనిపోని చిరాకు పడినా, అడుగు తడబడినా, అక్కడితో ఆపాలి. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి, 108కి ఫోను చేయాలి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి.

శివరాత్రి దాటిందంటే కర్నూలు ఎండ నీకు తెలియనిది కాదు. ఆరున్నరకల్లా ఇంట్లో ఉండండి. వేడి ముదిరే రోజుల్లో ఒంటికి అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అప్పుడు దూరం తగ్గించుకోండి. మే నెలలో తెల్లవారుజామున కూడా బండలు, గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి, ఆ నెల నడవండి చాలు. దాహం వేసినంత తాగండి, పరుగు కదా అని లీటర్ల కొద్దీ నీళ్లు పట్టించకండి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ. ఉగాదికి 5 కిలోమీటర్లు కాకపోతే దసరాకు చూద్దాం.

పెద్ద ఉత్తరమైంది. కళ్లద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నాను, అక్షరాలు కుదురుగా లేకపోతే సర్దుకొని చదువు. శివరాత్రికి నేను కర్నూలు వస్తున్నాను. పరిగెత్తలేను, మెట్ల మీద మజ్జిగ చెంబు పెట్టుకొని కూర్చుంటాను. మీ నాన్నను కూడా తెస్తాను. అంత భయమున్నవాడు ఇంట్లో కూర్చొని భయపడడమెందుకు, వచ్చి గడియారం పట్టుకుంటాడు. ఈసారి మాత్రం సెకన్లు సరిగ్గా చెప్పాలి.

వాడి కాలికి షూ ఎనిమిదో తొమ్మిదో కనుక్కొని రాయి.

మీ అత్త