గ్యాలరీలో ఉన్న వీడియో సీవిజిల్‌లో ఎక్కదు, ఇలా చేయండి

బ్రదర్, మీ వీధిలో ఓటర్ స్లిప్పులు చూసుకుంటూ ఇంటింటికీ డబ్బు కవర్లు ఇస్తుంటే మీరు తీసిన వీడియో సీవిజిల్‌లో (ఎన్నికల అక్రమాల మీద ఎన్నికల సంఘానికి కంప్లైంట్ చేసే యాప్) అప్‌లోడ్ అవట్లేదు, పైగా పేరు బయటపడుతుందేమోనని భయం అన్నారు కదా. మీ ఫోన్‌లో ప్రాబ్లమ్ ఏం లేదు. ఆ యాప్ గ్యాలరీలోది అసలు తీసుకోదు, లొకేషన్ ఆన్ చేసి యాప్‌లోంచే ఫొటో గానీ 2 నిమిషాల లోపు వీడియో గానీ తియ్యాలి, తీశాక 5 నిమిషాల్లో పంపెయ్యాలి. అందులోనే పేరు లేకుండా పంపే ఆప్షన్ ఉంది, కాకపోతే అలా పంపితే కంప్లైంట్ ఏమైందో తర్వాత చూసుకోలేరు, అయినా మీ పరిస్థితిలో అదే మంచిది.

ఇప్పుడున్న వీడియో మాత్రం డిలీట్ చెయ్యకండి, కట్ చెయ్యకండి, వాట్సాప్‌లో తిప్పకండి, క్వాలిటీ పడిపోతుంది, ఎప్పుడు తీశారో ఫైల్‌లో ఉండే వివరాలు కూడా పోతాయి. ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి రిటర్నింగ్ ఆఫీసర్‌కో (మీ నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి), అభ్యర్థుల ఖర్చుల పరిశీలకుడికో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇప్పుడే మళ్ళీ పంచుతుంటే మాత్రం ఓటర్ హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ కొట్టండి, ఫ్లయింగ్ స్క్వాడ్‌ని (ఎన్నికల తనిఖీ బృందం) పంపిస్తారు. ఆ పంచేవాళ్ళకి ఎదురెళ్ళి గొడవ పడొద్దు, దయచేసి.

డబ్బులు ఇచ్చినా తీసుకున్నా నేరమే, ఏడాది దాకా జైలు ఉంది, ఈ మాట మీ ఇంటి చుట్టుపక్కల వాళ్ళకి కూడా చెప్పండి. ఇంకోటి, సీవిజిల్ అసెంబ్లీ, పార్లమెంట్ ఎన్నికలకే, పంచాయతీ ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘం వాళ్ళకి చెప్పాలి.