బుజ్జీ, అద్దాలకి ఫిల్మ్ వేయించే ముందు ఇది చదువు

బుజ్జీ,

నువ్వు మోటార్‌హోమ్ కొన్నావనీ, జూన్‌లో అమ్మానాన్న రాగానే లాస్ వేగస్, జియాన్ పార్క్, పేజ్ ఊరు మీదుగా గ్రాండ్ కాన్యన్ తిప్పబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నా కూతురు ఇల్లంత బండి తోలుతుందట అక్కా" అంటుంటే దాని గొంతు ఆగలేదు. నాకూ గుండె పొంగింది. సైకిలెక్కినందుకే మేమిద్దరం ఇంట్లో ఎన్ని మాటలు పడ్డామో అమ్మనడుగు, చెబుతుంది.

ఆ సంతోషం రాత్రి పక్క మీదకి చేరేదాకానే. జూన్ అన్న మాట గుర్తొచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. నువ్వు కాలిఫోర్నియా అర్వైన్‌లో సముద్రపు గాలికి అలవాటు పడ్డదానివి. మేం అరిజోనాలో, ఫీనిక్స్‌లో ఉంటున్నాం. 2023లో ఇక్కడ జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు మధ్యాహ్నం 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన సెల్సియస్ లెక్కలో 43. రోహిణి కార్తెలో రెంటచింతల ఎండ తిని పెరిగిన నేనే ఆ నెల గడప దాటడానికి జంకాను. నువ్వు పోయే మొహావీ ఎడారి దారి అంతకంటే చల్లనిదేం కాదు.

"సెరామిక్ ఫిల్మ్ వేయిస్తున్నా, ఇంక వేడి గొడవే ఉండదు" అన్నావట. వేయించు, మంచి ఆలోచనే. రంగు ఫిల్మ్‌లా కొన్నేళ్లకి ఊదారంగుకి తిరగదు. లోహపు పూత ఫిల్మ్‌లా ఫోన్ సిగ్నల్‌కి, జీపీఎస్‌కి, టైర్ ప్రెషర్ సెన్సర్లకి అడ్డం పడదు. చర్మాన్నీ సీట్లనీ కాల్చే అల్ట్రావయొలెట్‌ని దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఈ మూడింటికే డబ్బులు దండగ కావు. నా భయమల్లా ఆ "వేడి గొడవే ఉండదు" అన్న మాట దగ్గరే.

షాపువాడు "95 శాతం హీట్ ఆపుతుంది" అంటాడు. ఆ 95 ఇన్‌ఫ్రారెడ్‌కి సంబంధించిన అంకె. ఎండ మోసుకొచ్చే శక్తిలో ఇన్‌ఫ్రారెడ్ ఇంచుమించు సగం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మన కళ్లకి కనిపించే వెలుగే, అదీ లోపలికొచ్చి వేడిగానే మారుతుంది. కొందరు ఆ ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా తమకి అనుకూలమైన ఓ ముక్కని మాత్రమే కొలిచి అంకె వేస్తారు. నువ్వు అడగాల్సింది టీఎస్‌ఈఆర్, అంటే మొత్తం ఎండలో ఎంత ఆపుతుందనే లెక్క. మంచి ముదురు సెరామిక్‌కి అది 50, 60 శాతం మధ్య ఉంటుంది. లేత ఫిల్మ్‌కి ఇంకా తక్కువ. ఈ అంకెలుండే స్పెక్ షీట్ చూపించనివాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకు.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి చెబుతాను. రాయమని ఆయనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మేం కొన్న పాత క్లాస్ ఏ, అంటే బస్సులాంటి మోటార్‌హోమ్‌కి కిటికీలన్నీ డబుల్ అద్దాలు. రెండద్దాల మధ్య సన్నటి గాలి పొర, చుట్టూ అంచున సీలు, ఆ అంచులో తేమ పీల్చే గింజలు. వేడికీ చలికీ అదే కాపలా. దాని మీద ఫిల్మ్ కూడా పడితే బండి ఐసుపెట్టెలా ఉంటుందని ఆయన ఆశ. షాపుకెళ్లి ఉన్నవాటిలో బాగా నల్లటిది ఏరుకున్నాడు. వేసినవాడు కిటికీ ఏ రకమని అడగలేదు, ఈయన చెప్పలేదు. సాయంత్రానికి పని ముగిసింది. ఆ మొదటి వారం నిజంగానే హాయిగా ఉంది. వచ్చిన స్నేహితులందరికీ చెయ్యి అద్దానికి ఆనించి చూడమని చెప్పేవాడు.

వాళ్లు చెయ్యి ఆనించి వెంటనే తీసేవాళ్లు. అప్పుడే అర్థం కావలసింది. అద్దం లోపలివైపు కాలిపోతోంది. ఫిల్మ్ ఎండని వెనక్కి కొట్టేది కొంచెమే, చాలావరకు తానే మింగుతుంది. మామూలు సింగిల్ అద్దమైతే ఆ మింగిన వేడిలో సగానికి పైగా బయటి గాలికి పోతుంది. డబుల్ అద్దంలో ఫిల్మ్ ఉండేది లోపలి అద్దం మీద, దానికి బయటి గాలి తగలదు. ఆ అద్దం కాలుతుంది, మధ్యలో ఇరుక్కున్న గాలి ఉబ్బుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. ఇక్కడి ఎడారిలో పగటికీ రాత్రికీ తేడా నీకు తెలిసిందే. రోజూ సాగి ముడుచుకుని సీలు వదిలేసింది.

మరుసటి చలికాలం ఓ పొద్దున పడకగది కిటికీ కింది మూలలో చెమట పట్టినట్టు కనిపించింది. నేను లోపల తుడిచాను, పోలేదు. ఆయన నిచ్చెనేసుకుని బయట తుడిచాడు, పోలేదు. రెండద్దాల మధ్య ఒక నీటిబొట్టు మెల్లగా జారి కింది అంచు దగ్గర ఆగింది, దాన్ని అందుకునే దారి లేదు. నెలలు గడిచేకొద్దీ ఆ తడి ఆరుతూ మళ్లీ పడుతూ సున్నపు నీళ్ల మరకలా తెల్లగా అద్దం లోపల గూడు కట్టింది. తర్వాత వంటగట్టు పక్క కిటికీ, ఆ తర్వాత సోఫా వెనకది. కిటికీలు చేసినవాళ్లు "మేం అమ్మాక ఫిల్మ్ వేశారు, వారంటీ లేదు" అన్నారు. ఫిల్మ్ వాళ్లు "ఆ రకం అద్దానికి మేం ఒప్పుకోలేదే" అన్నారు. ఇద్దరూ కాగితం చూపించారు, ఇద్దరి కాగితమూ సరైనదే. ఫిల్మ్ కంపెనీల దగ్గర ఏ ఫిల్మ్ ఏ అద్దానికి పనికొస్తుందో చెప్పే చార్ట్ ఉంటుంది. దాన్ని ముందు చూసి ఉంటే అన్నీ మిగిలేవి. మూడు కిటికీలు ఊడదీయించి, సీలు మళ్లీ వేయించి, మిగతావాటి మీది ఫిల్మ్‌ని ఆవిరి పట్టి బ్లేడుతో గీకి తీశాం. ఆ జిగురు నా గోళ్ల సందుల్లోంచి వారం దాకా పోలేదు. మీ పెదనాన్న ఆ వారమంతా నాతో గట్టిగా మాట్లాడలేదు. ఆయన ముఖం చూసి నాకూ దెబ్బలాడబుద్ధి కాలేదు.

అందుకని ఫిల్మ్ రంగు, ధర, కంపెనీ ఇవన్నీ తర్వాత. ముందు ఏ కిటికీకి ఏ అద్దం ఉందో తేల్చు. చీకటి పడ్డాక అగ్గిపుల్ల గానీ ఫోన్ లైటు గానీ అద్దానికి దగ్గరగా పట్టుకుని పక్క నుంచి చూడు. రెండు మంటలు ఆనుకుని కనిపిస్తే సింగిల్. రెండేసి చొప్పున కాస్త దూరంగా రెండు జతలు కనిపిస్తే డబుల్. అద్దం కింది మూలలో అద్దం రకం ఏఎస్-1, ఏఎస్-2, టెంపర్డ్, లామినేటెడ్ అని చెక్కి ఉంటుంది, అది కూడా చూడు. పైనుంచి తలుపులా బయటికి తెరుచుకునే కిటికీలుంటే, వేలితో కొడితే మొద్దుగా శబ్దమొస్తే, అది ప్లాస్టిక్, యాక్రిలిక్. దాని మీద మామూలు ఫిల్మ్ వేయనివ్వకు. ప్లాస్టిక్ లోంచి వచ్చే వాయువుకి ఫిల్మ్ కింద బుడగలు లేస్తాయి, వేడికి అద్దం వంగుతుంది. స్నానాల గది పైనుండే గుమ్మటం కూడా ప్లాస్టిక్కే. దానికి దళసరి మెత్త ఒకటి అమ్ముతారు, దూర్చేస్తే చాలు.

ఎర్ర గొళ్లాలున్న కిటికీ ఎమర్జెన్సీ ఎగ్జిట్. ఫిల్మ్ అద్దం అంచుకి ఓ పిసరు లోపలే ఆగాలి, ఫ్రేమ్ మీదికి పాకకూడదు. వేయించాక నువ్వే ఆ గొళ్లాలు లాగి, అద్దం తోసి చూడు. తర్వాత అమ్మచేత లాగించు. గ్యాస్ పొయ్యి ఉన్న బండి అమ్మా అది. మీ అమ్మకి ఆ గొళ్లెం వేళ్లకి లొంగకపోతే ఆ మంచం మీద దాన్ని పడుకోబెట్టకు.

డ్రైవర్ పక్క అద్దాల దగ్గర మాత్రం నల్లటిది ఆశించకు. నువ్వు పక్క అద్దంలోంచే కదా మిర్రర్ చూడాలి. రాత్రిపూట క్యాంప్‌గ్రౌండ్‌లో బండి వెనక్కి పెడుతున్నప్పుడు ఆ నలుపు ప్రాణం తీస్తుంది. మా అరిజోనాలో ముందు పక్క అద్దాలకి 33 శాతం వెలుగు వస్తే చాలంటారు. నీ బండి కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్, అక్కడ 70 కావాలి. ఆ 70 ఫిల్మ్ మీద రాసున్న అంకె అనుకునేవు. అద్దం, ఫిల్మ్ కలిపి 70. కంపెనీ అద్దమే మొత్తం వెలుగు పంపదు, దాని మీద 70 ఫిల్మ్ వేస్తే కొలత కిందికి పడుతుంది. వేసేవాడి దగ్గర మీటర్ ఉంటుంది, వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి నీ కళ్లముందు పెట్టించు. వెనక గదుల అద్దాలకి, సింగిల్ అని తేలాక, నీ ఇష్టమొచ్చినంత ముదురుది వేయించుకో.

ఏప్రిల్ దాటనివ్వకు. నీడలో, దుమ్ము లేనిచోట వేయాలి, కాలే అద్దం మీద ఫిల్మ్ అంటించడానికి చల్లే సబ్బునీళ్లు ముందే ఆరిపోతాయి. వేశాక నాలుగైదు రోజులు జరిపే కిటికీలు జరపకు. లోపల పాలు ఒలికినట్టు మచ్చలు కనిపిస్తే కంగారు పడి గోరు పెట్టి నొక్కకు, నెల లోపల ఆరిపోతాయి. అమోనియా ఉన్న క్లీనర్ వాడకు.

ఇంత చేసినా, బుజ్జీ, ఫిల్మ్ రెండో కాపలా మాత్రమే. ఎండని అద్దం దాకా రానివ్వకపోవడం మొదటిది. రెంటచింతల ఇంట్లో మీ తాతయ్య మార్చి చివరికల్లా పడమటి కిటికీలకి బయటినుంచి వట్టివేళ్ల తడికలు కట్టించేవారు. మధ్యాహ్నం మీ అమ్మ, నేను చెంబుతో నీళ్లు చల్లేవాళ్లం. నీళ్లు పడగానే ఆ వాసన ఇల్లంతా అల్లుకునేది. మీ అమ్మ వీపు తడిపేసుకుని తిట్లు తినేది. నీ బండికి ఆ తడికెల్లాంటిదే ముందద్దానికి బయటినుంచి తొడిగే జాలీ గుడ్డ. ఆగిన ప్రతిచోటా తొడుగు. లోపల పెట్టే వెండి రేకు అట్ట కంటే అది మేలు, ఎందుకంటే వేడి ఇంకా గుమ్మం అవతలే ఉంది.

బండి ఆపేటప్పుడు ముక్కు దక్షిణానికి పెట్టు. నీ ఆనింగ్, అంటే పందిరిలా బయటికి విప్పే గుడ్డ, కుడివైపు ఉంటుంది కాబట్టి అది పడమటికి వస్తుంది. జూన్‌లో ఆ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, దక్షిణపు అద్దానికి తగిలేది తక్కువ. మనల్ని చంపేది మూడు గంటల తర్వాత పడమటి ఎండ. గాలి లేస్తే మాత్రం ఆనింగ్ వెంటనే చుట్టెయ్, చిరిగిపోతుంది.

నన్ను నిద్రపోనివ్వనిది ఇప్పుడు చెబుతాను. పేజ్‌లో నువ్వు యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయకి టికెట్లు కొంటావు. అందులో లోయర్ అనే భాగంలో నిలువు ఇనప మెట్లు ఉంటాయి, నాన్న మోకాళ్లకి అవి కుదరవు. "నేను బండిలో ఏసీ వేసుకుని కూర్చుంటాలే, మీరెళ్లి రండి" అంటాడు, నాకు మీ నాన్న బాగా తెలుసు. ఫిల్మ్ వేయించావు, ఏసీ తిరుగుతోంది, గంటలో వచ్చేస్తాం కదా అనుకుంటావు. ఆ ఏసీని తిప్పే జనరేటర్ ఎత్తైన చోట, వేడిలో, చెప్పకుండా ఆగిపోవచ్చు. క్యాంప్‌గ్రౌండ్‌లో 30 ఆంప్ లైన్ మీదున్నా సాయంత్రం నాలుగింటికి అందరి ఏసీలూ ఒక్కసారే తిరిగి వోల్టేజ్ పడిపోతుంది, బ్రేకర్ పడుతుంది. ఫిల్మ్ దేన్నీ చల్లబరచదు తల్లీ. వేడి వచ్చే వేగం తగ్గిస్తుంది, నీకు కొంచెం టైమిస్తుంది. మీ నాన్న బీపీకి నీటి మాత్ర వేసుకుంటాడు. ఆ మాత్ర వేసుకునేవాళ్లకి ఒంట్లో నీళ్లు తొందరగా తగ్గుతాయి, ఆ వయసులో దాహం కూడా సరిగ్గా తెలియదు. కునుకు పడితే లేవాలని కూడా అనిపించదు.

ఏ కారణం చేతా ఆయన్ని బండిలో ఒంటరిగా వదలకు. పేజ్‌లోనే గ్లెన్ కాన్యన్ డ్యామ్ పక్కన విజిటర్ సెంటర్ ఉంది, ఏసీ ఉంటుంది, కుర్చీలుంటాయి, కిటికీలోంచి డ్యామ్ మొత్తం కనిపిస్తుంది. మీ నాన్న నాగార్జునసాగర్ గేట్లు చూడటానికి పనులు మానుకుని వెళ్లిన మనిషి, అక్కడ గంట ఏమిటి, పూట కూర్చోమన్నా కూర్చుంటాడు. పోనీ నువ్వు, అమ్మ వంతులేసుకోండి. ఫోన్‌కి వేడి ఎంతుందో చెప్పే మానిటర్లు, కుక్కల కోసమని అమ్ముతారు, సిమ్‌తో పనిచేసేది ఒకటి కొని బండిలో పెట్టు. నాన్నకి మొదటిరోజే బ్రేకర్ చూపించి, కింద పడేసి మళ్లీ లేపమను. మందుల డబ్బా డ్రైవర్ ముందున్న అరలో ఉంచకు.

వేగస్, పేజ్‌ల దగ్గర రాత్రులు తగ్గించుకుని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దగ్గర ఎక్కువ పెట్టుకోలేవా? అది 7,000 అడుగుల దగ్గర దగ్గర ఎత్తు, జూన్‌లో కూడా రాత్రికి దుప్పటి కావాలి. అమ్మ అక్కడ హాయిగా పడుకుంటుంది. చోటు ఇప్పుడే బుక్ చెయ్, వేసవికి దొరకదు.

ఆదివారం లోపల ప్రతి అద్దం మూలా ఫోటో తీసి పెదనాన్నకి వాట్సాప్ చెయ్. రాత్రి లైటు పెట్టి చూసినది కూడా కిటికీ కిటికీకి రాసి పంపు. ఆయన చార్ట్ ముందు పెట్టుకుని చూసి చెబుతానన్నాడు. అప్పటిదాకా ఏ షాపుకీ అడ్వాన్స్ కట్టకు.

మీ పెద్దమ్మ