కుండల వీల్ పళ్లెంలో మిగిలిన అడుసును సింక్‌లో పోయకండి

మీరడిగింది: విశాఖ సీతమ్మధారలో మేడ మీద మూడు వీల్స్ (కుమ్మరి సారెలు) ఉన్న కుండల స్టూడియో, సింక్ పైపు మాటిమాటికీ పూడిపోతోంది, తిరిగి కలిపిన మట్టి వీల్ మీద లాగుతుంటే చిరిగిపోతోంది, ఏం చేయాలి అని.

ఈ రెండిటికీ మూలం ఒకటేనండి. వీల్ పళ్లెంలో చేరే పలచటి అడుసులో మట్టిలోని అన్నిటికంటే సన్నని రేణువులుంటాయి. మట్టికి జిగట ఇచ్చేవి అవే. వాటిని సింక్‌లో పోస్తే పైపు పూడుతుంది, బకెట్‌లో మిగిలిన మట్టి జిగట కోల్పోయి పెళుసవుతుంది.

కుళాయి కింద చేతులు కడిగే అలవాటు ముందు మాన్పించండి. 20 లీటర్ల బకెట్లు మూడు వరసగా పెట్టండి. మొదటిదాంట్లో బురద వదిలించాలి, రెండోదాంట్లో కడగాలి, మూడోదాంట్లో జాడించాలి. రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి నీరు తేటపడుతుంది. తేరుకోకపోతే అర చెంచా పటిక పొడిని వేడినీళ్లలో కరిగించి ఒక బకెట్‌లో కలపండి. బకెట్ వంచితే అడుగు కదులుతుంది కాబట్టి తేట నీటిని సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో లాగండి. ఆ నీళ్లు మర్నాటి మొదటి బకెట్‌కీ, ఎండు మట్టి నానబెట్టడానికీ సరిపోతాయి. మూతలు మాత్రం తప్పనిసరి. మన ఊళ్లో నిలవ నీటిలో వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి.

నీరు వాడే కొద్దీ ఆవిరై, అందులోని లవణాలు చిక్కబడతాయి. సముద్రానికి దగ్గర బోరు నీళ్లయితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కుండ ఎండేటప్పుడు లవణాలు అంచులకు చేరతాయి, కాల్చాక అక్కడ తెల్లటి పొర తేలుతుంది. ఎర్రమట్టి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది కనబడగానే ఆ నీళ్లతో నేల తుడిచేసి కొత్తవి పట్టండి. గ్లేజ్ (కుండకు పూసే గాజు పూత) కలపడానికి ఈ నీళ్లు అసలు వద్దు. దానికి ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోండి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు.

మట్టిని తిరిగి నానబెట్టేముందు పూర్తిగా, రాయిలా ఎండనివ్వాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సగం ఆరిన ముక్క పైపైన జారుతుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. నిమ్మకాయంత ముక్కలు చేసి, పైకి రెండంగుళాల నీళ్లు నిలిచేలా పోసి, కలపకుండా ఒక రోజు వదిలేయండి. పళ్లెంలో తీసిన అడుసు కూడా ఇందులోనే కలపాలి. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే మట్టి), ఎర్రమట్టి బకెట్లు వేరువేరుగా ఉంచండి. ఎర్రమట్టి 1200 డిగ్రీల దగ్గర ఉబ్బి కూలిపోతుంది.

ఆరబెట్టడానికి ప్లాస్టర్ పలక పోసుకోండి. బరువులో 100 పాళ్ల ప్లాస్టర్‌కు 70 పాళ్ల నీళ్లు, మందం రెండంగుళాలు. విశాఖ గాలిలోని తేమకు, ముఖ్యంగా వానాకాలంలో, ఒక్క పలక చాలదు. రెండు పెట్టుకుని ఒకటి వాడుతుంటే రెండోదాన్ని ఫ్యాన్ ముందు నిలబెట్టి ఆరనివ్వండి. వేడి కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) మీద పెడితే ప్లాస్టర్ పొడిబారిపోతుంది. మట్టి తీసేటప్పుడు లోహపు గరిటె తగలనివ్వకండి. ఊడిన ప్లాస్టర్ రవ్వ మట్టిలో ఉండిపోతే, కాల్చాక కొన్నాళ్లకు తేమ పీల్చి ఉబ్బి, కుండ పైపొరను పేల్చేస్తుంది. పాత నూలు పంచె పరిచి దాని మీద మట్టి పోయడం నా దృష్టిలో ఉత్తమం.

చేతికి అంటుకోనంత గట్టిపడ్డాక అంతే కొత్త మట్టి కలిపి పిసికి, కవర్‌లో బిగించి రెండు మూడు వారాలు నిలవ ఉంచండి. వాసన వస్తే కంగారు పడకండి, జిగట పెరుగుతుంది. వేలంత తాడు చుట్టి చూపుడు వేలి చుట్టూ తిప్పితే చీలకూడదు. చీలితే కిలో ఎండు మట్టికి 20 గ్రాముల బెంటొనైట్ (బాగా జిగటగా ఉండే సన్నని మట్టి పొడి) చొప్పున ముందురోజే నీళ్లలో నానబెట్టి, నానబెట్టిన అడుసులో కలపండి. గట్టిపడ్డ మట్టిలో పొడిగా చల్లితే గడ్డలే మిగులుతాయి.

గ్లేజ్ కడిగిన నీళ్లకు నాలుగో బకెట్ కావాలి. రాగి, మాంగనీస్ ఉండొచ్చు కాబట్టి అవి మొక్కలకూ కాలువకూ వద్దు. అడుగు మడ్డిని ఎండబెట్టి, బిస్క్ (గ్లేజ్ పూయకుండా మొదటిసారి కాల్చిన) గిన్నెలో సగం వరకే నింపి, కిల్న్‌లో వాడే పాత పలక మీద పెట్టి గ్లేజ్ ఫైరింగ్‌లో కాల్చేయండి.

బిస్క్‌కి ఎక్కించేముందు ప్రతి ముక్కనూ వెలుతురులో తిప్పి చూడండి. పగులు ఉంటే అప్పుడే బకెట్‌లో వేయొచ్చు. 600 డిగ్రీలు దాటాక అది మళ్లీ మట్టి కాదు.