డాక్టర్ సలహా: తమ్ముడికి అన్నంలో మాత్రలు కలుపుతున్నాం.. రుచి తెలియని మందు ఏదైనా ఉందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్ల కిందట డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చాడు. తనలో తాను మాట్లాడుకోవడం, అందరి మీదా అనుమానం. విజయవాడలో చూపిస్తే రిస్పెరిడోన్ 2 మి.గ్రా. రాత్రిపూట ఒకటి రాశారు. వేసుకోనంటే అమ్మ పెరుగన్నంలో కలిపి పెడుతోంది. ఏడాదిగా అదే చీటీతో మెడికల్ షాపులో కొంటున్నాం. రెండున్నర నెలల కిందట గొణుగుడు ఎక్కువైందని అమ్మ మూడు మాత్రలు చేసింది. ఈమధ్య పళ్లెం విసిరేస్తున్నాడు, అన్నంలో ఏదో కలుపుతున్నారంటాడు. పోయిన నెల అమ్మను తోసేస్తే గుమ్మానికి తగిలి తలకు ఐదు కుట్లు పడ్డాయి. ఆ రోజు నాన్న, పక్కింటివాళ్లు మంచానికి కట్టేస్తే ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ చేశాడు. తర్వాత మెడ ఒక పక్కకు లాగేసింది. ఇప్పుడు ఒకచోట కూర్చోడు, కాళ్లు ఆడిస్తూ తిరుగుతూనే ఉంటాడు. ఇంటర్ హాస్టల్లో తనను కట్టేసి కొట్టారని పాత భ్రమ ఒకటి మళ్లీ మొదలెట్టాడు. రుచి, రంగు తెలియకుండా కలపగలిగే డ్రాప్స్ చెబుతారా? నెలకోసారి ఇంజెక్షన్ చేయిస్తే కదలకుండా పడుంటాడా?
– ఒక అక్క, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, డ్రాప్స్ సంగతి తర్వాత చూద్దాం. మీరు మధ్యలో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన విషయాలు నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ముందు వాటి గురించి.

కూర్చోలేకపోవడం, కాళ్లు ఆడించడం, ఆగకుండా తిరగడం... దీన్ని మీరు జబ్బు ముదరడం అనుకుంటున్నారు. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, రాసిన తీరు చూస్తే ఇది మందు వల్ల వచ్చిన బాధలా ఉంది. అకథీషియా అంటాం. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు మోతాదు పెంచిన కొద్ది రోజుల్లో, వారాల్లో ఇది రావచ్చు. లోపల నుంచి ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. నిద్ర ఉండదు, చిరాకు పట్టలేరు, ఎదుటివాళ్లు కదిలిస్తే తిరగబడతారు. కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలూ వస్తాయి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఈ తిరుగుడు చూసి ఇంటివాళ్లు మాత్రలు ఇంకా పెంచుతారు. పెంచేకొద్దీ బాధ పెరుగుతుంది, దానితో కోపమూ పెరుగుతుంది. మీ ఇంట్లో ఏది ముందు మొదలైందో క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చూడండి: మూడు మాత్రలా, పళ్లెం విసరడమా? డాక్టరుకు ఈ ఒక్క సమాధానం చాలా పనికొస్తుంది.

దీనికి వైద్యం ఉంది. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, కొందరికి ప్రొప్రనలాల్ చిన్న మోతాదులో ఇవ్వడం. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ ఇవ్వకూడదు. కాబట్టి ఈ పేరు చదివి మెడికల్ షాపుకి వెళ్లకండి. ఒకటి రెండు రోజుల్లో సైకియాట్రిస్టుకు చూపించండి. అప్పటిదాకా రాసిన 2 మి.గ్రా. దాటనివ్వకండి, అలాగని మీ అంతట మీరు పూర్తిగా ఆపేయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ ఒకటి రెండు రోజులు కూడా ఆగకూడదు. జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, చెమటలు, మాట తడబడటం, మత్తు కలిసి కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈ మందులతో అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి అది. వైరల్ జ్వరం అనుకుని పారాసిటమాల్ ఇస్తూ ఇంట్లో ఉంచుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఆ ఆర్‌ఎంపీ ఇంజెక్షన్. ఏమిచ్చారో కనుక్కోండి, ఖాళీ సీసా ఉంటే ఫొటో తీసుకోండి. మెడ లాగేసిందంటే హాలోపెరిడాల్ లాంటిది ఒక్కటే ఇచ్చి ఉండొచ్చు. ఆసుపత్రిలో ఇదే మందును ప్రోమెథజిన్ అనే ఇంకో మందుతో కలిపి ఇవ్వడానికి ఒక కారణం ఈ మెడ పట్టేయడాన్ని తప్పించడమే. ఇచ్చాక మొదటి గంట పావుగంటకోసారి నాడి, బీపీ, ఊపిరి చూస్తూ ఉంటాం. మనిషిని మంచానికి కట్టేసి మత్తు ఇంజెక్షన్ చేసి వెళ్లిపోతే ఊపిరి ఆగినా, వాంతి గొంతులోకి పోయినా చూసేవాళ్లుండరు. బోర్లా పడుకోబెట్టి నడుం మీద మోకాలు పెట్టి నొక్కడం ఇంకా ప్రమాదం. ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు, ఆ బరువుకే ఊపిరాడదు. తాడు బిగుసుకుని మణికట్టు దగ్గర నరం నలిగితే వేళ్లు తిమ్మిరెక్కవచ్చు, పట్టు తగ్గవచ్చు. తమ్ముడి చేతులు, వేళ్లు మామూలుగా కదులుతున్నాయా చూడండి.

కట్టేయడం గురించి ఇంకో మాట. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పరుగెత్తలేక పాతిక మందికి పైగా చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆసుపత్రిలోనైనా అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రాసి, అవసరమైనంతసేపే కదలకుండా ఉంచాలి. మీ నాన్నగారు ఆ రోజు భయంతో చేశారని నాకు అర్థమవుతోంది, ఆయన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఇది రెండోసారి జరగకూడదు.

ఎందుకంటే మీరు భ్రమ అని కొట్టిపారేసిన హాస్టల్ సంగతి ఉంది చూశారూ, అది నిజమై ఉండొచ్చు. అనుమానపు జబ్బు ఉన్నవాళ్లలో చిన్నప్పుడు దెబ్బలు, వేధింపులు పడినవాళ్లు చాలామందే ఉంటారు. జబ్బు ఉన్నంత మాత్రాన మనిషి చెప్పేదంతా అబద్ధం కాదు. హాస్టల్లో కట్టేసి కొట్టారని చెప్పే పిల్లవాణ్ని ఇంట్లో మళ్లీ కట్టేశారు. ఆ పాత గోడు ఇప్పుడు మళ్లీ మొదలవడంలో వింతేముంది? పీడకలలు వస్తున్నాయా, తాడు కనిపిస్తే, గట్టిగా తలుపు వేస్తే ఉలిక్కిపడుతున్నాడా, డాక్టరుకు చెప్పండి. జబ్బు అదుపులోకి వచ్చాక ఆ గాయానికి విడిగా మాటల వైద్యం ఉంది. వారానికోసారి గంట, గంటన్నర చొప్పున కొన్ని వారాలు, శిక్షణ ఉన్న సైకాలజిస్టు చేస్తారు. సైకోసిస్, అంటే ఇలాంటి అనుమానపు జబ్బు, ఉన్నవాళ్లకూ చేయవచ్చు. అప్పటిదాకా మీరు గుచ్చి గుచ్చి అడిగి అంతా చెప్పించకండి. తనంతట చెబితే వినండి. "అలా జరిగి ఉంటే చాలా కష్టమే నాన్నా" అంటే చాలు.

ఇప్పుడు మీరు అడిగిన మందు. డ్రాప్స్, ద్రవ రూపంలో మందులు ఉన్నాయి. మాత్ర మింగలేనివాళ్ల కోసం తయారు చేశారు. దొంగచాటుగా కలపడానికి పేరు చెప్పమంటే నేను చెప్పను. అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అతని అనుమానాన్ని జబ్బు అంటున్నాం. కానీ ఆ అన్నంలో నిజంగానే కలుపుతున్నారు కదమ్మా! అతని అనుమానానికి మీ ఇంట్లోనే రోజూ సాక్ష్యం దొరుకుతోంది, అదీ వడ్డించే తల్లి చేతిలో. అతను తోసింది కూడా ఆమెనే. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను.

పైగా మోతాదు లెక్క ఉండదు. సగం తిని వదిలేస్తే సగం మందు, రెండోసారి పెట్టించుకుంటే రెట్టింపు. రిస్పెరిడోన్ ద్రవాన్ని టీలో, కోలాలో కలపకూడదని తయారీదారులే చెబుతారు. మందు తీసుకుంటున్నట్టు అతనికే తెలియదు కాబట్టి బిగుసుదనం గురించీ, వణుకు గురించీ ఎవరికి చెబుతాడు? ఏడాదిగా బరువు, షుగరు, కొలెస్టరాల్ చూసింది లేదు. పాత చీటీ చూసి ఏడాదిపాటు మాత్రలు ఇచ్చిన షాపుదీ తప్పే, అడిగి తెచ్చుకున్న మీదీ తప్పే. చీటీ మీద మందు పేరు మాత్రమే ఉంటుంది. ఈ రోజు రోగి ఎలా ఉన్నాడో దాని మీద ఉండదు.

మరి కలపడం ఎలా ఆపాలి? డాక్టరు అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకుని, ఆ రోజు నుంచి అన్నంలో కలపడం ఆపండి. అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించండి, ముందు మీరు తినండి. చాలా రోజులుగా కలిపారన్న విషయం అతనికి చెప్పాల్సిందే. కానీ డాక్టరు ఎదుట చెప్పడం మేలు, వంటింట్లో వద్దు. "గుడికెళ్దాం రా" అని అబద్ధం చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లకండి. "నీకు నిద్ర లేదు, కాళ్లు ఆగడం లేదు, ఆ బాధ తగ్గించుకుందాం" అనండి. అది నిజం, అతనికీ కావాల్సింది అదే. అలా అడిగితే ఒప్పుకునేవాళ్లు మీరు అనుకునే కంటే ఎక్కువ.

నెలకోసారి ఇంజెక్షన్ మంచి మందే, సందేహం లేదు. పాలిపెరిడోన్‌ది నెలకోసారి, రిస్పెరిడోన్‌ది రెండు వారాలకోసారి, తక్కువ ధరలో ఫ్లూఫెనజిన్ ఉంది. అయితే వాటిని మనిషి పడి ఉండటానికి ఇవ్వరు. ముందు అదే మందు మాత్రగా పడుతుందో లేదో చూస్తారు, రోగి ఒప్పుకోవాలి. అకథీషియా ఉండగా ఇంజెక్షన్ ఇస్తే వారాల తరబడి వెనక్కి తీసుకోలేం. అందుకని ముందు ఆ బాధ తగ్గాలి. రెండు రకాల మందులు సరైన మోతాదులో, ఒక్కోటి ఆరు వారాలైనా వాడినా కోపం, అనుమానం తగ్గకపోతే క్లోజపిన్ అనే మందు ఉంది. మొదట్లో వారం వారం రక్త పరీక్ష తప్పనిసరి.

ఇంట్లో జాగ్రత్తలు ఇవాళే మొదలుపెట్టండి. కత్తిపీట, రోకలి, గొడ్డలి తాళం వేసిన గదిలో పెట్టండి. పత్తికీ మిర్చికీ కొన్న పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ పూటే తీసేయండి. కోపంలో ఎదుటివాళ్లకు ప్రమాదమని భయపడతాం గానీ, తనకు తాను హాని చేసుకునే ప్రమాదమూ తక్కువేం కాదు. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం, పిడికిళ్లు బిగించడం, ఒకే మనిషిని శత్రువని పేరు పెట్టి చెప్పడం, చెవిలో మాటలు "కొట్టు" అంటున్నాయనడం... ఇవి కనిపిస్తే కొట్టేదాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయాలి. మాటలు వినపడుతున్నాయా, ఏం చెయ్యమంటున్నాయి అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన కొత్త ఆలోచన పుట్టదు. గంజాయి, మద్యం అలవాటు ఉందేమో కూడా తిట్టకుండా అడగండి. అవి ఉంటే ప్రమాదం బాగా పెరుగుతుంది.

కోపం మొదలైనప్పుడు ఒక్కరే మాట్లాడాలి. అతను ఎవరి మాట వింటే వాళ్లు. టీవీ ఆపండి, చుట్టుపక్కలవాళ్లను పంపేయండి. రెండు చేతుల దూరం ఉండండి, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడండి. గుమ్మానికి అడ్డం నిలబడకండి. బయటికి వెళ్లే దారి అతనికీ మీకూ తెరిచి ఉండాలి. అనుమానాన్ని కాదని వాదించకండి, అవునని తల ఊపకండి. "నీకు భయంగా ఉందని తెలుస్తోంది. అరుగు మీద కూర్చుంటావా, మేడ మీదికి వెళ్తావా?" అని రెండు దారులు చూపండి. అమ్మ అక్కడ ఉండకూడదు. కన్నతల్లిని కదా, నేను బుజ్జగిస్తే వింటాడని ఆవిడ ముందుకెళ్తుంది. ఆ క్షణంలో పక్కింటికి వెళ్లిపోవడమే ఆవిడ చేయాల్సిన పని. చేయి దాటితే 112. ఇతరులకు ప్రమాదంగా ఉన్న మానసిక రోగిని పోలీసులు ఆసుపత్రికే చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదని అదే చట్టం చెబుతోంది. అత్యవసరమైతే రోగి తరఫు ప్రతినిధి (తరచూ ఇంటివాళ్లే ఉంటారు) అందుబాటులో ఉంటే వాళ్ల అంగీకారంతో 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు. ఆ తర్వాత అవసరాన్ని బట్టి చేర్చుకుంటారు.

అమ్మగారి గురించి మీరు ఏమీ అడగలేదు. తలకు ఐదు కుట్లు, స్కాన్ తీశారో లేదో రాయలేదు. ఆవిడ ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మాత్ర ఏదైనా వేసుకుంటున్నారా? వయసు మళ్లినవాళ్లలో తల దెబ్బ తగిలిన వారాల తర్వాత కూడా లోపల నెమ్మదిగా రక్తం చేరవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతులు, పగటి మత్తు, మతిమరుపు, ఒక పక్క చెయ్యి కాలు బలహీనం కావడం, వీటిలో ఏదున్నా ఇవాళే సీటీ స్కాన్ తీయించండి. కుట్లు మానిపోయాయి కదా అని వదిలేయకండి. కొడుకు గదిలోకి వెళ్లాలంటే వణుకుతున్నా, రాత్రిళ్లు అదే కలొస్తున్నా, చప్పుడైతే అదిరిపడుతున్నా, అలా నెల దాటినా ఆవిడకూ చికిత్స కావాలి. నిద్ర కోసం ఆల్‌ప్రాజోలామ్ కొనిపెట్టకండి. దెబ్బ తిన్న మనసుకు అది మందు కాదు, అలవాటు మాత్రం అవుతుంది.

గుంటూరు జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంతకుముందు చూసిన డాక్టరు దగ్గరికే వెళ్లగలిగితే ఇంకా మంచిది, పాత వివరాలు ఆయన దగ్గర ఉంటాయి. ఈలోగా సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వెళ్లేటప్పుడు పాత చీటీ, ఖాళీ మాత్రల షీట్లు, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ పేరు, మూడు నెలల్లో ఏ తేదీన ఎన్ని మాత్రలు కలిపారో, ఏ రోజు గొడవ జరిగిందో రాసిన కాగితం తీసుకెళ్లండి. కలిపిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి. అది దాస్తే, 2 మి.గ్రా. చాల్లేదనుకుని ఆయన కూడా మోతాదు పెంచే ప్రమాదం ఉంది.