మితభాషి వేరు, ముభావి వేరు

చిరంజీవికి,

నీ కథ చదివాను. వెంకటరత్నం పాత్ర నచ్చింది. అయితే అతణ్ణి మొదటి పేజీలో మితభాషి అన్నావు, మూడో పేజీలో ముభావి అన్నావు, చివరికి అతడి భార్య చేత అంతర్ముఖుడనిపించావు. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని ఎవరో చెప్పి ఉంటారు. దాంతో ఒక్క పాత్ర కాస్తా ముగ్గురైపోయింది.

మితభాషికి మాటలు రాక కాదు, అవసరమైనంతే చాలనుకుంటాడు. అందులో మెచ్చుకోలు ఉంది కనుకే సన్మాన పత్రాల్లో ఆ మాట తరచు కనిపిస్తుంది. 'నేను మితభాషిని' అని ఎవరైనా చెప్పుకుంటే కాస్త గొప్పగానే వినిపిస్తుంది.

ముభావంలో ఆ మెచ్చుకోలు లేదు. పైగా అది స్వభావం కన్నా సందర్భానికే ఎక్కువ చెందుతుంది. నిన్నటిదాకా గలగలా మాట్లాడినవాడు ఇవాళ ముభావంగా ఉన్నాడంటే, ఏదో జరిగిందని పాఠకుడు చెవులు రిక్కిస్తాడు. నీ మూడో పేజీలో ఏమీ జరగలేదు. ఆ కారణం కోసం వెతికి వెతికి నేనే విసుక్కున్నాను.

ఇక అంతర్ముఖుడు. వేదాంతంలో ఆ మాటకు వేరే బరువుంది. మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన గ్రంథంలో మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించాక, ఇప్పుడది మనస్తత్వశాస్త్రపు మాటగానే చలామణిలో ఉంది. వంటింట్లో విసిగిపోయి ఉన్న ఇల్లాలు అలా అంటుందా? 'ఆయనదంతా గుంభనం, కడుపులో ఏముందో బయటపడనివ్వరు' అంటుంది. ఆ గుంభనంలో ఆమె ఫిర్యాదు మొత్తం ఇమిడి ఉంది. అదే మనిషిని పై అధికారి మితభాషి అంటాడు, అల్లుడు గర్విష్ఠి అంటాడు. విశేషణం రాసే ముందు అది ఎవరి నోటి మాటో తేల్చుకో. కథకుడిగా నువ్వైతే ఏదీ అనకపోవడమే మేలు.

ముక్తసరి అనేది మాత్రం జవాబుకు చెల్లుతుంది, మనిషికి కాదు. 'ముక్తసరి మనిషి' కొట్టేశాను.

ఇంకొకటి. కూతురి పెళ్లి మాట వచ్చినప్పుడు వెంకటరత్నం చేత ఏకంగా అర పేజీ మాట్లాడించావు. అదంతా తీసేసి, 'సరే, వాళ్లను రమ్మను' అన్నంతవరకే ఉంచి చూడు. తర్వాతి సంభాషణలో భార్య మాటలు కూడా మార్చవలసి వస్తుంది, మార్చు. సవరించిన ప్రతి పంపితే చదువుతాను.

ఆశీస్సులతో.