టెక్ సందేహాలు: సొరుగులోని పాకెట్ పీసీ కారులో దారి చూపిస్తుందా?

ప్రశ్న: పాత సామాన్లు సర్దుతుంటే 2004లో కొన్న పాకెట్ పీసీ (అరచేతిలో ఇమిడే కంప్యూటర్), దానికి జతగా వాడిన బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ దొరికాయి. రెండూ ఆన్ అవుతున్నాయి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే మధ్యలో కాల్స్ వచ్చి మలుపులు తప్పుతున్నాను. ఈ పాతదాన్నే కారులో నావిగేషన్‌కు వాడుకోవచ్చా?

జవాబు: సరదాకి వాడుకోండి. దాన్ని నమ్ముకుని తెలియని ఊరికి మాత్రం బయల్దేరకండి.

ఒకప్పుడు మీ దగ్గరున్నది మంచి హోదా ఉన్న సరంజామానే. మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. దాంతో మనం ఉన్న చోటుకీ, తెరమీద చూపించే చోటుకీ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. అంటే మీరు ఒక రోడ్డు మీద వెళ్తుంటే అది పక్క రోడ్డు మీద చూపించేది! 2000 మే నెలలో ఆ కలగాపులగం ఆపేశాకే చేతిలో ఇమిడే కంప్యూటర్లు కార్లెక్కాయి. 2002లో టామ్‌టామ్ కంపెనీ పీడీఏల (ఇలాంటి చేతి కంప్యూటర్లను అలాగే పిలిచేవాళ్లు) కోసం నావిగేటర్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2003లో గార్మిన్ తెచ్చిన ఐక్యూ 3600లో అయితే జీపీఎస్ లోపలే ఉండేది. మడత విప్పి పైకెత్తే యాంటెనాతో అది చూడముచ్చటగా ఉండేది. మిగతావాళ్లం మీలాగే రిసీవర్‌ను డ్యాష్‌బోర్డు మీద, పీడీఏను అద్దానికి అంటించిన స్టాండ్‌లో పెట్టుకుని తిరిగాం.

ఇక చిక్కులు. మొదటిది బ్యాటరీ. 2005లో వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ విండోస్ మొబైల్ 5.0 వచ్చేదాకా పాకెట్ పీసీల్లో మనం ఎక్కించిన ప్రోగ్రాములు, ఫోన్ నంబర్లు సాధారణంగా ర్యామ్‌లోనే, అంటే కరెంటు అందినంతసేపే గుర్తుంచుకునే మెమరీలోనే ఉండేవి. చార్జింగ్ పూర్తిగా అయిపోతే అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. నాకు బాగా గుర్తు: ఓ పది రోజులు పక్కన పడేసి, ప్రయాణం రోజు పొద్దున్నే ఆన్ చేస్తే ‘ప్లస్ గుర్తు మీద పుల్లతో నొక్కండి’ అంటూ కొత్తగా కొన్న రోజు అడిగినట్టే మొదలుపెట్టింది. మ్యాప్ మెమరీ కార్డులో భద్రంగా ఉంది, దాన్ని తెరిచే ప్రోగ్రామే లేదు. మీ బ్యాటరీ వయసుకి ఇది తరచూ జరుగుతుంది. కార్ చార్జర్ తీసిన కాసేపటికే కళ్లు తేలేస్తుంది.

రెండోది చాలామందికి తెలియని సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు మనలా తేదీ చెప్పవు, వారం నంబరు చెబుతాయి. పాత పద్ధతిలో ఆ నంబరుకి కేటాయించింది 10 బిట్లే (బిట్ అంటే 0 లేదా 1 పట్టే ఒక గడి). కాబట్టి 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టి, కారు మీటరు తిరిగినట్టు మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా తిరిగింది. అప్డేట్ అందని పాత రిసీవర్లలో కొన్ని దారి సరిగ్గానే చూపిస్తూ, తేదీ మాత్రం దాదాపు 20 ఏళ్లు వెనక్కి చెబుతాయి. కొన్ని అయోమయంలో పడి ఉపగ్రహాలనే సరిగ్గా పట్టుకోలేవు. మీ రిసీవర్‌ను ఆరుబయట పెట్టి, అది చెప్పే తేదీ చూడండి. సంగతి తేలిపోతుంది.

ఈ రెండూ దాటినా, లోపలున్నది 2004 నాటి మ్యాప్. తర్వాత వేసిన బైపాస్‌లు, వన్‌వేగా మార్చిన రోడ్లు దానికి తెలియవు. మీ అసలు బాధ కాల్స్ కదా? వాడకుండా పక్కన పెట్టిన పాత స్మార్ట్‌ఫోన్ ఉంటే, సిమ్ తీసేసి దాన్ని కారుకే కేటాయించండి.

ప్రశ్న: సిమ్ లేకపోతే, నెట్ లేకపోతే జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?

జవాబు: జీపీఎస్ రేడియో లాంటిది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహాలు పంపేది వింటుంది, తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే మీ చోటు లెక్కకట్టేస్తుంది. నెట్ కావాల్సింది మ్యాప్‌కీ, ట్రాఫిక్ సమాచారానికీ. మ్యాప్‌ను వైఫైలో ముందే దింపుకుంటే సరి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ సదుపాయం ఉంది. జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌మాండ్ కూడా ఆఫ్‌లైన్‌లో బాగా పనిచేస్తాయి. ట్రాఫిక్ జామ్‌ల సంగతి మాత్రం తెలియదు.

నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు అక్కడి నుంచి క్షణాల్లో వచ్చేస్తాయి. లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి, అది సెకనుకు 50 బిట్ల వేగంతో నింపాదిగా చెబుతుంది. అందుకే మొదటిసారి అర నిమిషం నుంచి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. బండి కదలకముందే, ఆకాశం కనిపించే చోట ఆన్ చేసి ఆగండి.

ప్రశ్న: వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్లెట్ కొని కారులో పెడదామనుకుంటున్నాను. ‘లొకేషన్ వస్తుంది’ అని షాపులో చెప్పారు. నిజమేనా?

జవాబు: లొకేషన్ రావడం వేరు, జీపీఎస్ ఉండటం వేరు. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల వైఫై నెట్‌వర్క్‌లను బట్టి చోటు ఊహిస్తుంది. ఇంట్లో చూస్తే నీలం చుక్క సరిగ్గా మీ ఇంటి మీదే ఉంటుంది, హైవే ఎక్కగానే బిక్కమొహం వేస్తుంది. సెల్యులార్ మోడల్‌లో జీపీఎస్ ఉంటుంది, అందులో సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో కొన్ని వైఫై మోడళ్లకూ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. స్పెసిఫికేషన్లలో జీపీఎస్ అనే మాట రాసి ఉందో లేదో చూడండి. కొన్నాక జీపీఎస్‌టెస్ట్ అనే యాప్ వేసుకుని బయట నిలబడితే, ఎన్ని ఉపగ్రహాలు దొరికాయో కనిపిస్తుంది. ఒక్కటీ దొరకలేదా, వెనక్కి ఇచ్చే గడువులోనే ఇచ్చేయండి.

ప్రశ్న: అద్దం దగ్గర పెట్టిన ఫోన్ వేడెక్కి ఆగిపోతోంది. చార్జింగ్‌లో ఉన్నా శాతం తగ్గుతోంది.

జవాబు: ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటని చోట వాడాలని యాపిలే చెబుతుంది. ఎండలో అద్దం వెనక అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఏసీ గాలి వచ్చే చోట బిగించే హోల్డర్ కొనండి, వెనకున్న మందపాటి కవర్ తీసేయండి. శాతం తగ్గుతోందంటే బహుశా మీ చార్జర్ చాలడం లేదు. పాత కార్ చార్జర్లు చాలావరకు 1 ఆంపియర్ లోపే ఇస్తాయి, తెర వెలుగుతూ జీపీఎస్ నడుస్తుంటే అది ఏ మూలకీ రాదు. 2 ఆంపియర్లు, అంతకు మించి ఇచ్చేది తీసుకోండి. కేబుల్ కూడా మార్చి చూడండి.